ల్యాప్‌టాప్‌ని వైర్ లేకుండా మానిటర్‌కి కలపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

టేబుల్ దగ్గర కూర్చోగానే ఏ వైరూ గుచ్చకుండా ఎదురుగా ఉన్న మానిటర్ వెలగాలి, కీబోర్డు, మౌస్ పనిచెయ్యాలి, లేచి వెళ్లేటప్పుడు ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వెళ్లిపోవాలి. అందరూ కోరుకునేది ఇదే. ఇందులో కుదిరేదేంటో, కుదరనిదేంటో, కుదిరినదాన్ని ఎలా దారికి తెచ్చుకోవాలో కింద రాశాను. చాలా ప్రశ్నలు నన్ను నేనే వేసుకుని తిట్టుకున్నవి.

వైర్‌లెస్ డాక్ అంటే అసలేంటి?

మామూలు డాక్ నాలుగు పనులు చేస్తుంది. బొమ్మని మానిటర్‌కి పంపుతుంది, కీబోర్డు, పెన్‌డ్రైవ్ లాంటి యూఎస్‌బీ వస్తువుల్ని కలుపుతుంది, నెట్ కేబుల్ తగిలించుకోనిస్తుంది, ల్యాప్‌టాప్‌ని ఛార్జ్ చేస్తుంది. ఇవాళ వైర్‌లెస్ అని పేరు పెట్టి అమ్మేవాటిలో ఎక్కువ భాగం ఈ నాలుగింటిలో మొదటిదొక్కటే చేస్తాయి. పెట్టె మీద డాక్ అని రాసున్నా సరే, కొనేముందు ఈ నాలుగూ ఒక్కొక్కటిగా అడగండి. మీకు నిజంగా చిరాకు తెప్పిస్తున్న వైరు ఏదో ముందు తేల్చుకుంటే సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

ఛార్జర్ వైరు కూడా పోతుందా?

పోదు. 2017లో డెల్ ఒక మోడల్‌ని వైర్‌లెస్ ఛార్జింగ్ మ్యాట్‌తో తెచ్చింది కానీ ఆ పద్ధతి ల్యాప్‌టాపుల్లో పాకలేదు. పైగా బొమ్మని గాల్లో పంపుతుంటే బ్యాటరీ మామూలు కన్నా వేగంగా దిగుతుంది, ఎందుకంటే స్క్రీన్‌ని నిమిషం ఆగకుండా వీడియోగా మార్చాలి, వైఫై రేడియో విశ్రాంతి లేకుండా పంపుతూ ఉండాలి. రోజంతా పని చేసేవాళ్లయితే ఒక వైరు ఎలాగూ గుచ్చాల్సిందే.

ఎన్ని రకాల దారులున్నాయి?

చెప్పుకోదగ్గవి నాలుగు.

మొదటిది మిరాకాస్ట్. వైఫై అలయన్స్ 2012లో తెచ్చిన పద్ధతి, విండోస్ 8.1 నుంచి విండోస్‌లోనే ఉంది. రూటర్‌తో పని లేకుండా ల్యాప్‌టాప్, మానిటర్ వెనక ఉన్న డాంగిల్ (బొమ్మని అందుకుని మానిటర్‌కి ఇచ్చే చిన్న ముక్క) నేరుగా మాట్లాడుకుంటాయి. చాలా స్మార్ట్ టీవీల్లో, కొన్ని మానిటర్లలో ఇది లోపలే ఉంటుంది, అప్పుడు డాంగిల్ కూడా అక్కర్లేదు.

రెండోది ఎయిర్‌ప్లే. ఆపిల్ వాళ్ల లోకం, కింద విడిగా చెప్తాను.

మూడోది వైర్‌లెస్ హెచ్‌డీఎంఐ కిట్. రెండు ముక్కలు వస్తాయి, ఒకటి ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐ పోర్టులో, ఒకటి మానిటర్‌లో. ల్యాప్‌టాప్ దీన్ని మామూలు మానిటర్ అనుకుంటుంది కాబట్టి డ్రైవర్ల (పరికరాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) గొడవ ఉండదు, విండోస్, మ్యాక్, లినక్స్ ఏదైనా ఒకటే. కాకపోతే పంపే ముక్కకి కూడా కరెంటు కావాలి, దానికోసం ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టులో ఒక చిన్న తోక గుచ్చాలి. వైర్‌లెస్ అని కొని ల్యాప్‌టాప్‌కి రెండు ముక్కలు వేలాడదీసుకోవడం కాస్త నవ్వొచ్చే విషయమే, కానీ పని మాత్రం చేస్తుంది.

నాలుగోది వైగిగ్. దీని కథ వేరే.

వైగిగ్ డాక్ అంటే ఏంటి? సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది, తీసుకోవచ్చా?

పై నాలుగు పనుల్లో ఛార్జింగ్ తప్ప మిగతావన్నీ గాల్లోనే చేసిన అసలు సిసలు వైర్‌లెస్ డాక్ ఇది. 802.11ఏడీ అనే ప్రమాణం మీద, 60 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది, కాగితం మీద వేగం సెకనుకి దాదాపు 7 గిగాబిట్లు. డెల్, లెనోవో, హెచ్‌పీ మూడూ ఇలాంటి డాక్‌లు తెచ్చాయి, రెండు మానిటర్లు కలిపేవి కూడా వచ్చాయి. 2017లో ఇంటెల్ ల్యాప్‌టాపులకి ఆ కార్డులు ఆపేస్తున్నట్టు ప్రకటించడంతో ఆ దారి దాదాపు మూతపడింది.

60 గిగాహెర్ట్జ్ తరంగం గోడ దాటదు, మనిషి ఒంటిని కూడా సరిగ్గా దాటదు. ల్యాప్‌టాప్‌కీ డాక్‌కీ మధ్య చెయ్యి చాపి కాఫీ కప్పు అందుకున్నా బొమ్మ తడబడొచ్చు.

నేనొకటి వాడినదాన్ని కొన్నాను, ఎవరి దగ్గరో అనవసరం, తప్పు నాదే. ఇంటికి తెచ్చి పెట్టాక తెలిసింది, ల్యాప్‌టాప్‌లో దానికి సరిపోయే వైగిగ్ కార్డు, దానికి వేరే యాంటెన్నా రెండూ ఉంటేనే అది పలుకుతుందని. మామూలు వైఫై ఎంత కొత్తదైనా దానికి పనికిరాదు. ఆ డాక్ ఇప్పుడు పుస్తకాలు పడిపోకుండా ఆపుతోంది. మీ ల్యాప్‌టాప్ ఆ కాలం నాటిదై, ఆ కార్డుతోనే వచ్చిందని తేలితే తప్ప దాని జోలికి వెళ్లకండి.

నా ల్యాప్‌టాప్‌లో మిరాకాస్ట్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి డీఎక్స్‌డయాగ్ అని ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. వచ్చిన వివరాలన్నిటినీ ఫైల్‌గా దాచుకునే బటన్ కింద ఉంటుంది. ఆ ఫైల్ తెరిచి మిరాకాస్ట్ అనే మాట వెతకండి, పక్కనే ఉందో లేదో రాసి ఉంటుంది. వైఫై డ్రైవర్, గ్రాఫిక్స్ డ్రైవర్ రెండూ ఒప్పుకోవాలి, ఒకటి మొరాయించినా లేదనే వస్తుంది. అప్పుడు విండోస్ అప్‌డేట్ మీద ఆధారపడకుండా ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి రెండు డ్రైవర్లూ తెచ్చి వేసి మళ్లీ చూడండి.

నిన్నటిదాకా పనిచేసి ఇవాళ హఠాత్తుగా పోయిందంటే మొదట చూడాల్సింది మొబైల్ హాట్‌స్పాట్. ల్యాప్‌టాప్‌లో అది ఆన్‌లో ఉంటే మిరాకాస్ట్‌కి కావాల్సిన వైఫై డైరెక్ట్‌కి (రూటర్ లేకుండా రెండు పరికరాలు నేరుగా మాట్లాడుకునే పద్ధతి) అడ్డం పడుతుంది. ఆఫ్ చెయ్యండి, తొంభై శాతం టెన్షన్ అక్కడే తీరుతుందని చెప్పను కానీ నాకు మాత్రం రెండుసార్లు తీరింది.

మొదటిసారి సెట్ చెయ్యడం ఎలా?

డాంగిల్‌ని మానిటర్ హెచ్‌డీఎంఐలో పెట్టి, దాని యూఎస్‌బీ తోకని ఫోన్ ఛార్జర్‌కి గుచ్చండి. మానిటర్‌కి ఉన్న యూఎస్‌బీ పోర్టులో గుచ్చాలని చేతులు దురద పెడతాయి, వద్దు. కొన్ని మానిటర్లు నిద్రపోగానే ఆ పోర్టుకి కరెంటు ఆపేస్తాయి, మీరు వచ్చేసరికి డాంగిల్ మొదటినుంచీ బూట్ అవుతూ కూర్చుంటుంది. మానిటర్ మెనూలో సరైన హెచ్‌డీఎంఐ ఎంచుకున్నాక డాంగిల్ తన పేరు చూపిస్తుంది. ల్యాప్‌టాప్‌లో విండోస్ కీ, కే కలిపి నొక్కితే జాబితా వస్తుంది, ఆ పేరు మీద క్లిక్ చేసి, పిన్ అడిగితే మానిటర్ మీద కనిపించే అంకెలు కొట్టండి. కనెక్ట్ అయ్యాక విండోస్ కీ, పీ నొక్కి ఎక్స్‌టెండ్ ఎంచుకోండి, లేకపోతే రెండు తెరల మీదా ఒకే బొమ్మ ఉంటుంది. ఆఖరున డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రెండు తెరలని మీ టేబుల్ మీద ఉన్న వరసలోనే జరపండి. మానిటర్ ఎడమవైపు ఉండి సెట్టింగ్‌లో కుడివైపు ఉంటే మౌస్ గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోతుంది.

మౌస్ లాగుతుంటే బాణం వెనకబడి వస్తోంది. ఏం చెయ్యాలి?

ఎక్కువమంది వైర్‌లెస్ వదిలేసేది ఈ ఒక్క కారణానికే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

1080పి తెర మీద 20,73,600 చుక్కలు ఉంటాయి. ఒక్కో చుక్కకి 24 బిట్లు, సెకనుకి 60 సార్లు అనుకుంటే దాదాపు 3 గిగాబిట్లు అవుతుంది. 4కే అయితే దాదాపు 12. ఇంత సరుకు ఇంట్లో వైఫై మోయలేదు. అందుకే ల్యాప్‌టాప్ తెరని హెచ్.264 వీడియోగా నొక్కి పంపుతుంది, డాంగిల్ విప్పి చూపిస్తుంది. నొక్కడానికి కొంత సమయం, పంపడానికి కొంత, విప్పడానికి కొంత, దారిలో అంతరాయాలొస్తే తడబడకుండా ముందే దాచుకునే దానికి ఇంకొంత. అన్నీ కలిపి మీ చేతికీ బాణానికీ మధ్య దూరం అవుతుంది.

మీ దగ్గర ఎంత ఉందో కొలవడం తేలిక. తెరని ఎక్స్‌టెండ్‌లో కాకుండా డూప్లికేట్‌లో పెట్టి, ల్యాప్‌టాప్‌లో వందో వంతు సెకన్లు చూపించే స్టాప్‌వాచ్ నడిపించి, రెండు తెరలూ పడేలా ఫోన్‌తో ఫోటో తియ్యండి. ల్యాప్‌టాప్ మీద 12.48, మానిటర్ మీద 12.33 ఉంటే ఆలస్యం 15 వందో వంతులు, అంటే 150 మిల్లీసెకన్లు. ఒక్క ఫోటో నమ్మకండి, ఐదారు తియ్యండి. పదో వంతు సెకను దాటిందంటే మౌస్ జిగురులో ఇరుక్కున్నట్టే ఉంటుంది. చదవడానికి, వీడియో కాల్‌లో అవతలివాళ్లని చూడడానికి ఇది అడ్డం కాదు, టైప్ చెయ్యడానికి కష్టం, ఫోటోలు దిద్దడానికి నరకం.

తగ్గించే ఉపాయాలు: తెరని 4కే నుంచి 1080పికి దించడం, మానిటర్ లేదా టీవీలో గేమ్ మోడ్ పెట్టడం (టీవీలు బొమ్మకి మెరుగులు దిద్దుతూ తమ వంతు ఆలస్యం కలుపుతాయి), కింద చెప్పిన వైఫై సంగతులు సరిచూడడం. ఇవన్నీ చేసినా వైరంత చురుగ్గా రాదు. ఆ ఆశ పెట్టుకోకండి.

అక్షరాలు మసకగా ఉన్నాయేంటి?

ముందు రెజల్యూషన్ చూడండి. మానిటర్ 1440పి, డాంగిల్ 1080పి అయితే సాగదీసిన బొమ్మే కనిపిస్తుంది, సెట్టింగులతో అది బాగుపడదు. టీవీ అయితే అంచులు కోసేసే ఓవర్‌స్కాన్ ఆపండి, టీవీల్లో దీనికి రకరకాల పేర్లుంటాయి, పీసీ మోడ్ అని ఉంటే అది చాలు.

అన్నీ సరిపోయినా మసకగానే ఉంటే కారణం రంగు. ఇలా నొక్కిన వీడియోలో వెలుగుని ప్రతి చుక్కకీ విడిగా పంపుతారు కానీ రంగుని మాత్రం నాలుగు చుక్కలకి కలిపి ఒకటే పంపడం మామూలు. సినిమాలో ఇది కంటికి తెలీదు. కోడ్ ఎడిటర్‌లో నల్లటి వెనకతెర మీద ఎర్ర అక్షరాలు పెట్టుకుని చూడండి, అంచులు తడి కాగితం మీద సిరాలా పాకుతాయి. అదే అక్షరాన్ని తెలుపులోకి మారిస్తే స్ఫుటంగా నిలబడుతుంది. నేను వైర్‌లెస్ తెర మీద పని చేసే రోజుల్లో ఎడిటర్‌కి తెల్ల థీమ్ పెట్టి, స్కేలింగ్ 125 శాతానికి పెంచేవాణ్ని. కళ్లకి చాలా సుఖం.

మాటిమాటికీ తెగిపోతోంది.

మొదట డాంగిల్ ఎక్కడ ఉందో చూడండి. మానిటర్ వెనక, రేకు ప్లేటుకి అతుక్కుని, గోడకి అంగుళం దూరంలో ఉంటుంది. మీ ల్యాప్‌టాప్‌కీ దానికీ మధ్య మానిటర్ మొత్తం అడ్డం. చిన్న హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెన్షన్ తెచ్చి డాంగిల్‌ని పక్కకి లాగి, మీకు కళ్లకి కనిపించేలా పెట్టండి. నాకు రోజుకి నాలుగైదుసార్లు తెగేది ఈ ఒక్క పనితో ఆగిపోయింది.

తర్వాత బ్యాండ్. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి తగలని ఛానెళ్లు 1, 6, 11 మూడే, అక్కడే బ్లూటూత్, పక్కింటి రూటర్లు, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ గుమిగూడి ఉంటాయి. డాంగిల్ 5 గిగాహెర్ట్జ్‌లో పనిచేసేదే కొనండి.

ఇంకోటి, ఎవరూ అనుమానించనిది: యూఎస్‌బీ 3 వస్తువులు, వాటి కేబుళ్లు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రేడియో రొద చేస్తాయి. ఇంటెల్ 2012లోనే దీని మీద పత్రం రాసింది. హార్డ్ డిస్క్ తగిలించగానే మౌస్ ఆగి ఆగి కదిలితే మౌస్ రిసీవర్‌ని దానికి దూరంగా ఇంకో పోర్టులోకి మార్చండి.

కనెక్ట్ చెయ్యగానే ఇంటర్నెట్ నెమ్మదిస్తోంది.

ల్యాప్‌టాప్‌లో సాధారణంగా వైఫై రేడియో ఒకటే. రూటర్ ఒక ఛానెల్‌లో, డాంగిల్ ఇంకో ఛానెల్‌లో ఉంటే అది రెంటి మధ్యా గెంతుతూ ఉంటుంది, రెండూ పాడవుతాయి. రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఛానెల్‌ని ఆటో నుంచి తీసేసి 36, 40, 44, 48లో ఒకటి పెట్టండి. 52 నుంచి 144 దాకా ఉన్నవి రాడార్‌తో పంచుకునే ఛానెళ్లు, నేరుగా మాట్లాడుకునే కనెక్షన్లు చాలావరకు వాటిని వాడవు, అందుకని గెంతడం తప్పదు. ఇంకా మంచి ఉపాయం ల్యాప్‌టాప్‌కి నెట్ కేబుల్ పెట్టి వైఫైని పూర్తిగా బొమ్మకే వదిలెయ్యడం. వైర్ వద్దనుకుని వచ్చి వైర్ పెట్టమంటున్నాడేంటి అనుకుంటారు, నిజమే.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అసలు కనెక్ట్ కావడం లేదు, సొంతదాంట్లో బాగానే ఉంది.

వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి తాళం వేసిన దారిలో కలిపే సాఫ్ట్‌వేర్) ఆపి చూడండి. ఆపితే పనిచేస్తే దొంగ దొరికినట్టే. మామూలు మిరాకాస్ట్ కాక, ఉన్న నెట్‌వర్క్ మీదుగానే బొమ్మ పంపే పద్ధతి విండోస్ 10లో 2017 నుంచి ఉంది, దానికి అవతలి పరికరం కూడా తోడు రావాలి, ఫైర్‌వాల్‌లో టీసీపీ 7250 పోర్టు తెరిచి ఉండాలి. ఈ ముక్క మీ ఐటీ వాళ్లకి చెప్పండి. మీరే సెట్టింగులు తవ్వకండి, కంపెనీ పాలసీతో మూసేసి ఉంటే ఎంత తవ్వినా లాభం లేదు.

రెండు మానిటర్లు కలపొచ్చా?

మిరాకాస్ట్‌తో విండోస్ మామూలుగా ఒకసారికి ఒక తెరకే పంపుతుంది. రెండు కావాలంటే ఒకటి వైర్‌తో, ఒకటి గాల్లో పెట్టుకోండి. పని చేసేది వైర్ తెర మీద, చూసి ఊరుకునేది (చాట్, క్యాలెండర్, డాక్యుమెంట్) వైర్‌లెస్ తెర మీద. నిజానికి నాకు తెలిసిన వైర్‌లెస్ సెటప్పుల్లో నెలల తరబడి నిలబడినవన్నీ ఇలాంటివే.

అయితే రోజూ పని చేసే టేబుల్‌కి ఏది మంచిది?

నన్నడిగితే ఒక్క యూఎస్‌బీ-సీ వైరు. బొమ్మ, యూఎస్‌బీ, నెట్, ఛార్జింగ్ నాలుగూ ఆ ఒక్కదాంట్లోంచే వెళ్తాయి, చాలా ల్యాప్‌టాపులకి సరిపోయేలా 100 వాట్ల దాకా కరెంటు ఇచ్చేవి దొరుకుతాయి. ల్యాప్‌టాప్‌లో ఆ పోర్టు బొమ్మని కూడా పంపగలదో లేదో మాత్రం చూసుకోండి, ఆకారం ఒకటే అయినా కొన్ని పోర్టులు ఛార్జింగ్‌కి, డేటాకే పరిమితం. వైర్‌లెస్ నిజంగా వెలిగే చోటు వేరు: పదిమంది వంతులవారీగా తెర చూపించే మీటింగ్ గది, హాల్లో గోడకున్న టీవీ, నిలబడి పని చేసే ఎత్తు టేబుల్, కేబుల్ లాగే వీల్లేని మూల.

మ్యాక్‌లో ఎలా?

మిరాకాస్ట్ లేదు, మరిచిపోండి. ఎయిర్‌ప్లే ఉన్న టీవీ లేదా ఆపిల్ టీవీ పెట్టె ఉంటే కంట్రోల్ సెంటర్‌లో స్క్రీన్ మిర్రరింగ్ నొక్కి, విడి తెరగా వాడుకోవచ్చు. 2019లో వచ్చిన మ్యాక్ వెర్షన్ కాటలీనా నుంచి ఐప్యాడ్‌ని సైడ్‌కార్‌తో రెండో తెర చేసుకోవచ్చు, ఆలస్యం తక్కువ. 2021 వెర్షన్ మాంటెరీ నుంచి కొన్ని మ్యాక్‌లే ఎయిర్‌ప్లేకి తెరగా పనికొస్తాయి.

పాత ల్యాప్‌టాప్‌ని రెండో తెరగా వాడొచ్చా?

చక్కగా. విండోస్ ఆప్షనల్ ఫీచర్లలో వైర్‌లెస్ డిస్‌ప్లే అని ఉంటుంది, పాతదాంట్లో అది ఇన్‌స్టాల్ చేసి, ప్రొజెక్టింగ్ టు దిస్ పీసీ సెట్టింగ్‌లో అనుమతి ఇచ్చి, కొత్తదాంట్లో విండోస్ కీ, కే నొక్కండి. డాంగిల్ కొనకుండా వైర్‌లెస్ మీకు నచ్చుతుందో లేదో తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు.

డెస్క్‌టాప్ కంప్యూటర్ నుంచి కూడా పంపొచ్చా?

వైఫై కార్డు ఉంటే పంపొచ్చు. చౌక యూఎస్‌బీ వైఫై ముక్కల్లో కొన్నిటి డ్రైవర్లు మిరాకాస్ట్‌కి ఒప్పుకోవు, కొనేముందు చూసుకోండి.

కీబోర్డు, మౌస్ మానిటర్ యూఎస్‌బీలో గుచ్చితే పనిచెయ్యట్లేదు.

చెయ్యవు. మానిటర్‌లోని యూఎస్‌బీ పోర్టులకి ల్యాప్‌టాప్ నుంచి విడిగా ఒక వైరు రావాలి, మీరు గాల్లో పంపుతున్నది బొమ్మ, శబ్దం మాత్రమే. బ్లూటూత్ కీబోర్డు, మౌస్ తీసుకుని ల్యాప్‌టాప్‌కే నేరుగా జత చెయ్యండి.

శబ్దం ఎటు పోయింది?

మానిటర్‌కి పోయింది, దానికి స్పీకర్లు లేవు. టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు నొక్కి అవుట్‌పుట్‌ని మళ్లీ ల్యాప్‌టాప్‌కో హెడ్‌సెట్‌కో మార్చండి. కనెక్ట్ అయిన ప్రతిసారీ ఇలా మారిపోయే అవకాశం ఉంది, మీటింగ్‌కి ముందే చూసుకోండి.

మూత వేస్తే తెగిపోతోంది.

పవర్ ఆప్షన్స్‌లో మూత వేసినప్పుడు ఏమీ చెయ్యొద్దు అని పెట్టండి, ఛార్జర్ ఉన్నప్పటికి మాత్రమే. బ్యాటరీ మీద కూడా అదే పెట్టి మూసి బ్యాగులో పడేస్తే లోపల అది పెనంలా కాలుతుంది.

సినిమా పెడితే నల్ల తెర వస్తోంది, మిగతావన్నీ బాగానే ఉన్నాయి.

అది హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ. డాంగిల్, మానిటర్ దారి పొడవునా దాన్ని ఒప్పుకోవాలి. లేకపోతే సినిమా కనబడదు.

పక్కింటివాళ్లు నా తెర మీద ఏదైనా పెట్టేస్తారా?

పిన్ లేకుండా వదిలేస్తే పెట్టగలరు. దారిలో వెళ్లే బొమ్మకి డబ్ల్యూపీఏ2 తాళం ఉంటుంది కాబట్టి మధ్యలో చూడడం అంత సులువు కాదు, కానీ మీ డాంగిల్ పేరు గోడ అవతల జాబితాలో కూడా కనిపిస్తుంది, ఎవరైనా పొరపాటున దాన్నే నొక్కొచ్చు. డాంగిల్ యాప్‌లో ప్రతిసారీ పిన్ అడిగేలా పెట్టి, కంపెనీ ఇచ్చిన పేరు తీసేసి మీకు గుర్తుండే పేరు పెట్టండి. ఒకే కంపెనీ డాంగిళ్లు రెండు పక్కపక్క గదుల్లో ఉంటే ఏది ఎవరిదో తెలీక, మీ జీతం లెక్కల షీటు అవతలి గది గోడ మీద ప్రత్యక్షమవుతుంది.